పిస్టల్ బ్రాండ్ తర్వాత.. ముందు మీ అరచెయ్యి కొలవండి

‘అన్నా, మోరిని తీసుకోమంటావా, స్టెయర్ తీసుకోమంటావా?’ ఫోన్లు, ల్యాప్‌టాప్‌ల గురించి రాసుకునే నాకు ఈమధ్య ఇలాంటి ప్రశ్నలూ వస్తున్నాయి. అడిగేవాళ్లలో ఎక్కువ మంది బీటెక్, డిగ్రీ చదివేవాళ్లే. ఆశ్చర్యమేం లేదు. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో మను భాకర్ పిస్టల్‌తో రెండు కాంస్యాలు తెచ్చింది. అంతకు ముందు ఏడాది హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మన హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ ఒక స్వర్ణం, మూడు రజతాలు గెలిచింది. దానికి తోడు స్పోర్ట్స్ కోటా ఆశ ఒకటుంది. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల క్రీడా కోటా జాబితాలో షూటింగ్ ఉంది. రాష్ట్రం తరఫున జాతీయ పోటీల్లోనో, యూనివర్సిటీ తరఫున అంతర్ విశ్వవిద్యాలయ పోటీల్లోనో ఆడితే ఆ కోటాకు అప్లై చేసుకునే దారి తెరుచుకుంటుంది.

కాబట్టి ఇది సరదా ఖర్చు కాదు. ఉద్యోగం కోసం ఇంట్లోవాళ్లు పెట్టే పెట్టుబడి. పోటీలకు పనికొచ్చే విదేశీ ఎయిర్ పిస్టల్ లక్ష రూపాయలు దాటుతుంది. మధ్యతరగతి ఇంట్లో లక్ష అంటే చీటీ ఎత్తాలి, లేదంటే బంగారం బ్యాంకులో పెట్టాలి. అంత డబ్బు పెట్టేటప్పుడు మొదటి ప్రశ్న బ్రాండ్ గురించి రావడమే నాకు నచ్చని విషయం. నా లెక్కలో మొదటి ప్రశ్న గ్రిప్, అంటే పిడి. 25 మీటర్ల ఈవెంట్లకు వెళ్లేవాళ్లకు రెండో ప్రశ్న మ్యాగజైన్. పిస్టల్ మీద ఉన్న పేరు మూడోది.

ఎందుకో చెప్పడానికి చిన్న లెక్క చాలు. పదో తరగతిలో చదివిన సరూప త్రిభుజాలే.

పది మీటర్ల ఎయిర్ పిస్టల్ టార్గెట్‌లో పదో నంబర్ వలయం వ్యాసం 11.5 మిల్లీమీటర్లు. మీ చొక్కా గుండీ అంత. అక్కడి నుంచి ఒక్కో వలయం దాటడానికి 8 మిల్లీమీటర్లు. ఇప్పుడు పిస్టల్ వైపు చూడండి. ముందు సైట్‌కీ వెనక సైట్‌కీ మధ్య దూరం 32 సెంటీమీటర్లు అనుకుందాం. పది మీటర్లను దాంతో భాగిస్తే దాదాపు 31 వస్తుంది. అంటే వెనక గాడిలో ముందు సైట్ పావు మిల్లీమీటరు పక్కకు జరిగితే టార్గెట్ దగ్గర అది 8 మిల్లీమీటర్లవుతుంది. ఒక పాయింట్ పోయినట్టే. పావు మిల్లీమీటరంటే రెండున్నర జిరాక్స్ కాగితాల మందం!

ఇంకో సంగతి చూడండి. సైట్లు రెండూ కుదురుగా ఉండి, చెయ్యి మొత్తం 3 మిల్లీమీటర్లు పక్కకు ఊగిందనుకోండి. గుండు కూడా ఆ 3 మిల్లీమీటర్లే పక్కకు పోతుంది. అప్పటికీ పదిలోనే ఉంటుంది. కొత్తగా చేరినవాళ్లంతా ‘నా చెయ్యి వణుకుతోంది సార్’ అని భయపడతారు గానీ, వణకని చెయ్యి ఎవరికీ లేదు. పాయింట్లు తినేసేది వణుకు కంటే మణికట్టు కోణంలో వచ్చే మార్పు. ఆ కోణాన్ని ప్రతి షాట్‌కీ ఒకేలా ఉంచే పని గ్రిప్‌ది. లక్షల పిస్టల్‌లో మీ ఒంటికి తగిలే భాగాలు రెండే: పిడి, ట్రిగ్గర్.

కళ్లు మూసుకుని చూడండి

గ్రిప్ సరిపోయిందో లేదో తెలుసుకోవడానికి పెద్ద పరికరాలేం అక్కర్లేదు. రేంజ్‌లోనే, కోచ్ పక్కనుండగా, గుండు లేదని రెండుసార్లు చూసుకున్న పిస్టల్‌తో ఈ పరీక్ష చేయండి. టార్గెట్ వైపు నిలబడి, కళ్లు మూసుకుని, మామూలుగా ఎత్తే ఎత్తుకు చెయ్యి లేపండి. రెండు ఊపిర్లు తీసుకుని కళ్లు తెరవండి. ముందు సైట్ వెనక గాడికి నడిమధ్యలో కనిపించిందా? అయితే ఆ గ్రిప్ మీదే. ప్రతిసారీ ఒకే పక్కకు కనిపిస్తోందా? అంటే ప్రతి షాట్‌కీ మీరు మణికట్టు తిప్పి సరిచేసుకుంటున్నారన్నమాట. అరవై షాట్లకు అరవై సార్లు. నలభై దాటేసరికి కండరం అలిసిపోతుంది. అప్పుడు మన ఇళ్లలో వినిపించే మాట తెలుసుగా.. ‘చివర్లో ఏకాగ్రత తప్పుతున్నాడు’!

తర్వాత చూపుడు వేలు. దాని మొదటి కణుపు మెత్త ట్రిగ్గర్ మీద ఆనాలి. మిగతా వేలు పిడి చెక్కకు ఎక్కడా రాసుకోకూడదు. మధ్యలో సన్నని సందు కనిపించాలి. వేలు చెక్కకు తగులుతోందంటే ట్రిగ్గర్ నొక్కే ప్రతిసారీ పిస్టల్‌ని పక్కకు కూడా నెడుతున్నట్టే. వేలు అందట్లేదని వెంటనే చెక్క చెక్కేయకండి. దాదాపు అన్ని మ్యాచ్ పిస్టళ్లలో ట్రిగ్గర్‌ని ముందుకీ వెనక్కీ జరుపుకోవచ్చు. మొదట అది జరిపి చూడండి. గ్రిప్ కోణం మార్చుకునే స్క్రూలున్న మోడళ్లు కూడా ఉన్నాయి. స్క్రూ తిప్పితే వెనక్కి తిప్పుకోవచ్చు, చెక్కిన చెక్క తిరిగి రాదు.

ఈ గ్రిప్‌లు స్మాల్, మీడియం, లార్జ్ సైజుల్లో, కుడిచేతికి వేరుగా, ఎడమచేతికి వేరుగా వస్తాయి. చెప్పుల షాపులో ఏడో నంబర్ కాలికి తొమ్మిదో నంబర్ ఇస్తే తీసుకుంటామా? పిస్టల్ దగ్గరికొచ్చేసరికి మాత్రం ‘మీడియమే స్టాక్ ఉంది, కొన్నాళ్లు వాడితే అలవాటవుద్ది’ అంటే తలూపేస్తాం. నాకు తెలిసిన ఒక డిగ్రీ విద్యార్థిని వాళ్ల నాన్న చీటీ ఎత్తి పిస్టల్ కొనిపెట్టాడు. సన్న చేతులు, మీడియం గ్రిప్. పామ్ షెల్ఫ్ ఎంత పైకి లేపినా అరచేతి కింద ఖాళీయే. పడిపోకుండా వేళ్లతో గట్టిగా బిగించి పట్టేది. స్కోరు 530ల్లోనే ఆగిపోయింది. ‘నాకు ఈ ఆట రాదు, నాన్న డబ్బులు తగలేశాను’ అని మానేద్దామనుకుంది. రేంజ్‌లో ఇంకొకరి స్మాల్ గ్రిప్ బిగించి ఇస్తే మొదటిరోజే సైట్లు మధ్యలోకి వచ్చాయి. అమ్మాయిలకు, సన్న చేతులున్న అబ్బాయిలకు ఇది చాలా చోట్ల జరుగుతోంది. క్లబ్ పిస్టల్‌కి ఒకే గ్రిప్ ఉంటుంది, అది ఎప్పుడో ఎవరో పెద్దచేతులాయన కోసం కొన్నది! కాలేజీలకు, క్లబ్బులకు నా సలహా ఒకటే. ఇంకో పిస్టల్ కొనడానికి నిధులు లేవని బాధపడేకన్నా, ఉన్న పిస్టళ్లకు ఇంకో సైజు గ్రిప్‌లు తెప్పించండి. పిస్టల్ ధరలో అది చిన్న భాగమే.

సరైన సైజు దొరికాక మిగిలేది సర్దుబాటు. అరచేతికి కాస్త ఫేస్ పౌడర్ రాసుకుని పిడి పట్టి వదలండి. పౌడర్ అంటిన చోట చెయ్యి తగిలింది, అంటని చోట ఖాళీ ఉంది. ఆ ఖాళీని ఎంసీల్‌తోనో, చెక్క పుట్టీతోనో కొద్దికొద్దిగా నింపుతారు. ఎక్కువైన చోట ఆకురాయి, ఉప్పు కాగితం. ఒక రోజు రుద్దడం, వారం రోజులు షూట్ చేయడం, మళ్లీ రుద్దడం. ఓపిక లేనివాళ్లకి ఇది శిక్షే. బొటనవేలు పిడి మీద ఊరికే ఆనాలి, నొక్కకూడదు. పట్టు బలం మధ్యవేలు, ఉంగరపువేలి నుంచి తిన్నగా వెనక్కి రావాలి. పామ్ షెల్ఫ్ అరచేతిని కింద నుంచి తాకాలి, చీల్చేంత బిగుతుగా కాదు. బిగుతుగా ఉంటే మొదటి పది షాట్లు బ్రహ్మాండంగా ఉంటాయి, ఆ తర్వాత వేళ్లు తిమ్మిరెక్కుతాయి.

ఇక్కడ రూల్స్ కూడా గుర్తుంచుకోవాలి. అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య ఐఎస్‌ఎస్‌ఎఫ్ నిబంధనల ప్రకారం పిడి అరచేతిని చుట్టేయకూడదు, మణికట్టు పూర్తిగా స్వేచ్ఛగా కనిపించాలి. కింది పామ్ షెల్ఫ్, పిడి మధ్య కోణం 90 డిగ్రీలకు తగ్గకూడదు. ఎయిర్ పిస్టల్ బరువు 1500 గ్రాములు దాటకూడదు, ట్రిగ్గర్ కనీసం 500 గ్రాముల బరువు ఎత్తాలి. మొత్తం పిస్టల్ 420, 200, 50 మిల్లీమీటర్ల కొలతల పెట్టెలో పట్టాలి. ఎంసీల్ ప్రేమగా పూసేవాళ్లకు ఆ 50 దగ్గరే వస్తుంది తంటా. మ్యాచ్ ఉదయం పరికరాల తనిఖీలో పెట్టెలో పట్టలేదంటే, అక్కడే మెట్ల మీద కూర్చుని రుద్దుకోవాలి.

నాలుగు సెకన్లలో ఒక స్ప్రింగు

ఎయిర్ పిస్టల్ పోటీలో ఒక్కో గుండే పెట్టి కాల్చాలి కాబట్టి మ్యాగజైన్ గొడవ లేదు. అక్కడ చూసుకోవాల్సింది గాలి సిలిండర్. 200 బార్ల ఒత్తిడితో నింపే ఆ సిలిండర్‌కు తయారైన తేదీ నుంచి పదేళ్లే గడువు. తేదీ దాని మీదే కొట్టి ఉంటుంది. గడువు దాటని సిలిండర్ తెచ్చుకునే బాధ్యత షూటర్‌దే. సెకండ్ హ్యాండ్ పిస్టల్ చవగ్గా వస్తోందంటే ముందు ఆ తేదీ చూడండి. చవగ్గా ఎందుకొస్తోందో చాలాసార్లు అక్కడే అర్థమవుతుంది.

25 మీటర్లకు వెళ్తే కథ మారుతుంది. అక్కడ వాడేది పాయింట్ 22 పిస్టల్. మ్యాగజైన్‌లో ఐదు గుళ్లు ఎక్కించి సిరీస్ కాల్చాలి. మహిళల 25 మీటర్ల పిస్టల్‌లో రెండో సగం ర్యాపిడ్. మూడు సెకన్లు అవకాశం, ఏడు సెకన్లు ఆగడం, మళ్లీ మూడు సెకన్లు. పురుషుల ర్యాపిడ్ ఫైర్ ఇంకా కఠినం. ఐదు టార్గెట్ల మీద ఐదు షాట్లు, మొదట 8 సెకన్లలో, తర్వాత 6, చివరకు 4 సెకన్లలో. 2012 లండన్ ఒలింపిక్స్‌లో విజయ్ కుమార్ రజతం గెలిచింది ఇందులోనే. ఆ నాలుగు సెకన్లలో మూడో గుండు పైకి రాకపోతే మీ ఏకాగ్రత, ప్రాణాయామం, మూడేళ్ల ప్రాక్టీసు అన్నీ ఒక చిన్న స్ప్రింగు దయ మీద ఆధారపడి ఉన్నాయన్నమాట.

రూల్స్ ఈ విషయంలో జాలి చూపించవు. పిస్టల్ నిజంగా మొరాయిస్తే చెయ్యెత్తి చెప్పొచ్చు, అధికారులు పరీక్షించి మళ్లీ అవకాశం ఇస్తారు. అదీ ముప్పై షాట్ల దశకు ఒక్కసారే. మ్యాగజైన్ సరిగ్గా బిగించకపోయినా, ఐదుకు బదులు నాలుగే ఎక్కించినా, యంత్రభాగం విరగకుండానే మ్యాగజైన్ జారి పడిపోయినా అది మీ తప్పే. పోయిన షాట్లు పోయినట్టే.

పాయింట్ 22 తూటాకు కింద అంచు బయటికి పొడుచుకొచ్చి ఉంటుంది. స్టీలు గ్లాసుల అంచులా అనుకోండి. ఒకదాని మీద ఒకటి పేర్చేటప్పుడు పై తూటా అంచు కింది తూటా అంచుకు ముందు ఉండాలి. వెనక పడితే రెండూ ఒకదానికొకటి చిక్కుకుంటాయి. మ్యాగజైన్ పైన వంగి ఉండే రెండు రేకు పెదాలు తూటాను సరైన కోణంలో పట్టుకోవాలి. కింద స్ప్రింగు, దాని మీద తూటాలను మోసే చిన్న పలక. స్ప్రింగు బలహీనపడితే, స్లయిడ్ వెనక్కెళ్లి ముందుకొచ్చేలోపు తూటా పైకి చేరదు. మరీ గట్టిదైతే తూటా స్లయిడ్‌ని కిందనుంచి ఒత్తి దాని వేగం తగ్గిస్తుంది. అందుకే ‘ఎక్స్‌ట్రా పవర్’ అని అమ్మే స్ప్రింగులను నేను అనుమానంగానే చూస్తాను. ఆ పిస్టల్ డిజైన్ చేసినవాళ్లు స్ప్రింగు, స్లయిడ్ బరువు, తూటా శక్తి మూడింటినీ కలిపి లెక్కేశారు. మనం ఒకటి మార్చి మిగతా రెండూ అలాగే ఉంటాయనుకుంటే ఎలా?

కొనేటప్పుడు చూడాల్సిందేమిటంటే: మీ మోడల్‌కు ఆ కంపెనీదే మ్యాగజైన్, కనీసం మూడు. ప్రతిదాని అడుగున 1, 2, 3 అని మార్కర్‌తో రాసుకోండి. ఒక నోటుబుక్ పెట్టి, ఎప్పుడు మొరాయించినా ఏ నంబర్ మ్యాగజైన్, ఎన్నో షాట్, ఏ బ్యాచ్ తూటాలు అని రాయండి. కోడ్‌లో బగ్ వెతికినట్టే. ఇబ్బంది ఎప్పుడూ 2వ నంబర్‌తోనే వస్తుంటే తప్పు మ్యాగజైన్‌ది. మూడింటితోనూ వస్తే పిస్టల్‌దో, తూటాలదో. ఒక బ్యాచ్ మారగానే ఆగిపోతే చెప్పాల్సిన పనిలేదు. ఈ పుస్తకం లేకుండా ‘పిస్టల్ బాగోలేదు’ అనేవాళ్ల మాట నేనైతే నమ్మను.

కాంక్రీటు నేల మీద పడిన మ్యాగజైన్‌ని ప్రాక్టీసుకు పంపించేయండి, మ్యాచ్‌కు వద్దు. రేకు పెదవి కంటికి కనిపించనంత వంగినా చాలు, తూటా ముక్కు దారి తప్పుతుంది. పట్టకారుతో సరిచేసే ప్రయోగాలు చేయొద్దు. పాయింట్ 22 తూటా మీద మైనం ఉంటుంది, మసితో కలిసి అది జిగురులా పేరుకుంటుంది. లోపల తుడిచి పొడిగా ఉంచాలి. నూనె పోస్తే మసి మరింత పట్టుకుంటుంది.

ఒలింపిక్ స్థాయి వాళ్లకూ ఇది తప్పలేదు. టోక్యో ఒలింపిక్స్‌లో మను భాకర్ ఎయిర్ పిస్టల్ అర్హత పోటీ మధ్యలో పిస్టల్ పనిచేయక లైన్ వదిలి వెళ్లాల్సి వచ్చింది. తిరిగొచ్చేసరికి బోలెడు సమయం పోయింది. 575 స్కోరు చేసినా 12వ స్థానంతో ఫైనల్‌కు దూరమైంది. మూడేళ్ల తర్వాత పారిస్‌లో ఏం చేసిందో మీకు తెలుసు.

కేసు పడితే కోటా ఉండదు

ఈ ఒక్క విషయంలో కాస్త కటువుగా చెప్తాను. 4.5 మిల్లీమీటర్ల క్యాలిబర్, 20 జౌళ్లలోపు శక్తి ఉన్న ఎయిర్ పిస్టల్‌కు లైసెన్సు అక్కర్లేదు. మ్యాచ్ ఎయిర్ పిస్టళ్లన్నీ ఆ లోపే. పాయింట్ 22 అలా కాదు. అది 1959 ఆయుధాల చట్టం కిందకు వస్తుంది. ఆ చట్టంలో ఆయుధం అంటే దాని విడిభాగాలు కూడా. ‘మ్యాగజైనే కదా, రేకు డబ్బా’ అని విదేశీ సైట్‌లో ఆర్డర్ పెట్టడం, కాలేజీ ల్యాబ్‌లో త్రీడీ ప్రింటర్ ఉంది కదా అని ప్రింట్ తీయడం.. ఇవి సరదాలు కావు. లైసెన్సు, దాన్ని బట్టి లైసెన్సున్న డీలర్, రైఫిల్ సంఘం ద్వారా మాత్రమే వెళ్లండి. ఆలస్యమవుతుంది, విసుగొస్తుంది. కానీ ప్రభుత్వ ఉద్యోగానికి పోలీసు వెరిఫికేషన్ ఉంటుందని మర్చిపోవద్దు. దేనికోసమైతే ఇంత ఖర్చు పెట్టారో అదే చేజారిపోతుంది.

ఎయిర్ పిస్టల్ గ్రిప్ మీద మాత్రం మీ ఇంజినీరింగ్ తెలివితేటలు ఎంతైనా చూపించొచ్చు. జర్మనీలో రింక్, నిల్ లాంటి కంపెనీలు ఈ పిడులు చేసి ప్రపంచమంతా అమ్ముకుంటున్నాయి. కాగితం మీద మీ చేతి ఆకారం గీసి పంపితే దానికి తగ్గట్టు చేసిచ్చే పద్ధతి కూడా ఉంది. మన దగ్గర ఫోన్‌తో చేతిని స్కాన్ చేసి, క్యాడ్‌లో మోడల్ గీయగల పిల్లలు ప్రతి మెకానికల్ బ్రాంచ్‌లో ఉన్నారు. ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు అంటే మళ్లీ అదే లైన్ ఫాలోయర్ రోబో ఎందుకు? మీ యూనివర్సిటీ షూటర్‌కి ఓ పిడి చేసివ్వండి. ఇంటర్వ్యూలో చెప్పుకోవడానికి దాని మీద వచ్చిన స్కోర్లే ఉంటాయి. ఒక హెచ్చరిక: పీఎల్‌ఏ ప్లాస్టిక్ 60 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది. మే నెలలో విజయవాడలో కారు ఎండలో పెట్టి, డిక్కీలో పిస్టల్ వదిలేస్తే సాయంత్రానికి మీ పిడి ఇంకెవరి చేతికో సరిపోతుంది. చెక్కతో చేయించాలనుకుంటే గట్టి చెక్క కావాలి. కంపెనీలు వాడేది వాల్‌నట్. కొండపల్లి బొమ్మల తెల్లపొణికి చెక్కడానికి వెన్నలా ఉంటుంది గానీ ఈ పనికి మరీ మెత్తన.

ఇక కొనబోయేవాళ్లకు: డబ్బు కట్టకముందు మీ కోచ్‌ని వెంటబెట్టుకెళ్లి, అదే మోడల్, అదే గ్రిప్ సైజు ఓ గంటసేపు ఖాళీగా పట్టుకుని చూస్తామని అడగండి. మొదటి పది నిమిషాలు ఏ గ్రిప్ అయినా బాగానే ఉంటుంది, నలభయ్యో నిమిషంలో చెయ్యి ఏమంటుందో వినండి. కుదరదంటే ఇంకో డీలర్ దగ్గరికి వెళ్లండి.